కాశమ్మ ఒప్పుకున్న రోజు

ముప్పై ఏళ్లకు పైగా మార్కాపురంలో కూర్చుని నేను స్కాట్లాండు చరిత్ర చదివాను. ఆ దేశాన్ని కంటితో చూడలేదు. చూడాలన్న కోరికా ఇప్పుడు లేదు. డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన నన్ను, కొత్తగా ఈ వృత్తిలోకి వస్తున్న కొందరు పిల్లలు "మీ అనుభవాలు రాయండి మేడమ్" అని అడిగారు. ప్రమోషన్ల గురించీ ట్రాన్స్‌ఫర్ల గురించీ రాసే ఓపిక నాకు లేదు, అవి మీకు పనికీ రావు. మా గైడు గురించి కొంచెం, మా ప్రిన్సిపాల్ గురించి ఇంకొంచెం రాస్తాను. మిగిలినదంతా కాశమ్మ గురించి. ఆమె నా విద్యార్థి కాదు, నాతో పనిచేసిన మనిషీ కాదు. మేకలు మేపుకునే ఆడమనిషి. నేను నేర్చుకున్నదాన్ని ఒక్క పగటిలో తలకిందులు చేసింది ఆమే. 

బీరువాలో దొరికిన చరిత్ర

మా నాయనకు పలకల వ్యాపారం. యూనివర్సిటీలో పీహెచ్‌డీ సీటు వచ్చిందని చెప్పడానికి వెళ్లినప్పుడు దుకాణంలో పలకల చెక్క చట్రాలు సరిచూస్తున్నాడు.

"దేని మీద చదవతావు?" అన్నాడు.

"నాలుగు వందల ఏళ్ల కిందటి స్కాట్లాండు మీద, నాయనా."

"స్కాట్లాండు ఏందమ్మా? ఆడ మనోళ్లెవురన్నా ఉండారా?"

"లేరు."

"పోనీ, ఆడికి మన సరుకేమన్నా పోతాదా?"

"పోదు."

మళ్లీ చట్రాల మీద పడ్డాడు. తర్వాత ఎవరైనా అడిగితే "మా అమ్మాయి ఇంగ్లండు పక్కన ఏందో చదివినాది" అని చెప్పేవాడు.

పరిశోధన విషయం ఎలా ఎంచుకున్నారో పెద్దవాళ్లు చెప్పే గొప్ప కథలు మీరు నమ్మకండి. మా గైడు వయసులో ఉన్నప్పుడు స్కాలర్‌షిప్ మీద అక్కడికి వెళ్లి పాత చర్చి రికార్డుల నకళ్లు పెట్టెడు తెచ్చుకున్నారు. కొత్తగా చేరిన ప్రతి విద్యార్థికీ బీరువా తెరిచి ఒక కట్ట చేతిలో పెట్టేవారు. నాకు దక్కిన కట్ట చర్చి పెద్దల సభలది. నా జీవితకాలపు విషయం అలా నిర్ణయమైంది.

ఆ కాలంలో స్కాట్లాండు పాత మతపద్ధతి వదిలి కొత్త క్రైస్తవ పద్ధతికి మారింది. ప్రతి ఊళ్లోనూ పాస్టరూ పెద్దమనుషులూ కలిసి సభ తీరేవారు. ఆదివారం పని చేసినవాళ్లను, పక్కింటివాళ్లను నోటికొచ్చినట్టు తిట్టినవాళ్లను, పెళ్లి కాకుండా కడుపు వచ్చినవాళ్లను పిలిచి నిలదీసేవారు. తప్పు తేలితే ప్రార్థన జరిగేటప్పుడు ఊరంతా చూసేలా ఎత్తుపీట మీద కూర్చోవాలి. అది చిన్న శిక్ష. మంత్రగత్తె అని పేరు పడితే మాత్రం సంగతి ఆ సభతో ఆగదు, కోర్టుకు పోతుంది. నేరం ఖాయమైతే ఎక్కువగా గొంతు బిగించి చంపి, ఆ శవాన్ని కాల్చేవారు.

మొదటిసారి అవి చదివినప్పుడు నన్ను నిలువునా కుదిపింది ఆ చావులు కాదు, ఆ ఒప్పుకోళ్లు. పక్కింటి ఆవును నేనే చంపాను, ఫలానావాళ్ల బిడ్డకు జబ్బు తెప్పించింది నేనే అని ఆ ఆడవాళ్లు తమ నోటితో చెప్పారు. ఒకరు కాదు, ఇద్దరు కాదు.  గైడు దగ్గరికి వెళ్లి, "ఎవరైనా ఎందుకు ఒప్పుకుంటారు సార్, ఒప్పుకుంటే చంపుతారని తెలిసి?" అని అడిగాను.

"జవాబు చదవకమ్మా. అడిగిన ప్రశ్న ఏమై ఉంటుందో చదువు. అది అడిగే సమయానికి ఆమె నిద్రపోయి ఎంతకాలమైందో చదువు" అన్నారాయన.

అక్కడ అనుమానితులను కూర్చోబెట్టి, కాపలా కాసి, కునుకు పడనిచ్చేవారు కాదు. కొట్టాల్సిన అవసరం ఉండేది కాదు. కొన్ని రాత్రులు గడిచేసరికి మనిషి ఏదంటే అది అంటుంది. నా థీసిస్ మొత్తం దీని మీదే నిలబడింది. ఒప్పుకోలు ఆ మనిషిది కాదు, అడిగినవాళ్లది. వాళ్ల కథను నిద్రలేని నోటితో పలికించారు, అని రాశాను. కొందరు పండితులు, "అలా కాదు, వాళ్లలో కొందరు తామే చేశామని నిజంగా నమ్మి ఉండవచ్చు" అన్నారు. వాళ్లకు నేను ఒక ఫుట్‌నోట్‌లో సమాధానం చెప్పి ముందుకు వెళ్లిపోయాను.

ఆదివారాలు

మా ప్రిన్సిపాల్‌కు నా చదువంటే విసుగు. సెమినార్ హాలు అడిగితే, "మన రాజుల కథలు చెప్పుకోక ఈ తెల్లోళ్ల గోల మనకెందుకమ్మా?" అనేవాడు. చెడ్డవాడు కాదు. జీతాల బిల్లు ఏనాడూ ఆలస్యం చేయలేదు. ఆయనకు లేనిది కుతూహలం. మీకు ఇటువంటి బాసులే ఎక్కువమంది దొరుకుతారు. వాళ్లతో వాదించకండి, వేరే గది వెతుక్కోండి.

నేను లైబ్రరీ రీడింగ్ రూము వెతుక్కున్నాను. ఆదివారం పొద్దున అక్కడ తెలుగులో మాట్లాడేదాన్ని. ఇంటర్నెట్ వచ్చాక పాత రికార్డుల ఫొటోలు ఇంట్లోనే దొరకసాగాయి. ఆ గొలుసుకట్టు రాతను కంప్యూటరు తెర మీద పెద్దది చేసుకుని చదవడం నేర్చుకున్నాను. చదివింది ఆదివారం చెప్పేదాన్ని. దుకాణాలవాళ్లు, టీచర్లు, పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు వచ్చేవారు. ఎత్తుపీట సంగతి చెప్పినప్పుడు ఒక కిరాణా వ్యాపారి తొడ చరుచుకుని, "ఇది మన కుల పంచాయితీ మాదిరే గదా మేడమ్!" అన్నాడు. నేను పొంగిపోయాను. అంత పొంగిపోవాల్సిన పని లేదని తర్వాత తెలిసింది. వినేవాడు "మన దగ్గరా అంతే" అన్నప్పుడు అతను అనుకునేది తన ఊరి గురించి. తన ఇంటి గురించి కాదు.

ఆ ఆదివారాల్లో తయారైనవాడు రమణయ్య. త్రిపురాంతకం దాటి లోపలికి వెళితే వచ్చే ఊరు వాళ్లది. నా దగ్గర చదివినవాళ్లలో అంత తెలివైన పిల్లవాడు ఇంకొకడు లేడు. ఎంఫిల్‌కు అతను తీసుకున్నది ఈ నిద్రలేని కాపలా విషయమే. ఒక ఆదివారం అతనే దాని మీద మాట్లాడాడు. కునుకు పట్టబోతున్న ముసలామెను భుజం పట్టి ఊపి లేపడం ఎలా ఉంటుందో చెబుతుంటే గదిలో ఒక్కరూ కదల్లేదు. తర్వాత టీచరు ఉద్యోగం వచ్చింది, సుజాత అనే అమ్మాయితో పెళ్లయింది, పాప పుట్టింది. పండక్కీ పబ్బానికీ ఫోన్ చేసేవాడు.

ఫోన్

నేను రిటైరయ్యే ముందు ఏడాది ఆ పాప జ్వరంతో పోయింది. నాలుగేళ్ల పిల్ల. మార్కాపురం ఆసుపత్రికి తెచ్చారు కానీ దక్కలేదు. నేను వెళ్లి చూసి వచ్చాను. రమణయ్య గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

తర్వాత కొద్దిరోజులకు, పొద్దున కాలేజీకి బయలుదేరుతుంటే అతని ఫోన్ వచ్చింది.

"మేడమ్, మీరు ఒకసారి మా ఊరికి రావాల."

"ఏమైంది నాయనా?"

"మా పాపకు చేతబడి చేసినారు మేడమ్. చేసిన మనిషి దొరికినాది. మా పక్కింటి కాశమ్మ. పాప పోయినాక మా గడప తొక్కంది ఆమొక్కతే."

అతను ఏదో జోకు వేస్తున్నాడేమోనని ఒక్క క్షణం వెర్రిగా అనుకున్నాను.

"రమణయ్యా, నువ్వేనా మాట్లాడేది?"

"నేనే మేడమ్. మీరేం చెప్తారో నాకు తెలుసు. అట్ల ఒప్పుకునేదంతా అబద్ధం, కొట్టి చెప్పిస్తారంటారు. ఎవురూ కొట్టలేదు మేడమ్. ఒక్క దెబ్బ గూడా పడలేదు. ఆమంతట ఆమే చెప్పినాది. మీరు రాండి. వచ్చి మీ చెవులతో ఇనండి. పెద్దోళ్లు ఇంక మంత్రం పలక్కుండా పళ్లు పీకి ఊరు దాటిస్తామంటాండారు. మీరు ఇన్నాక పీకుతారులే."

కాలేజీకి సెలవు చెప్పి, ఇంటికి తాళం వేసి బస్టాండుకు నడిచాను.  నాకు తెలిసిన రమణయ్య కంఠమే అది. ఆదివారం రీడింగ్ రూములో మాట్లాడినంత మర్యాదగా, స్పష్టంగా మాట్లాడాడు. "విన్నాక పీకుతారు" అన్న మాట కూడా అదే మర్యాదతో అన్నాడు.

బస్సులోంచే పోలీసులకు ఫోన్ చేశాను. ఎస్సై బందోబస్తుకు వెళ్లాడనీ, వచ్చేసరికి సాయంత్రం అవుతుందనీ చెప్పారు. కానిస్టేబులునైనా పంపమంటే చూస్తామన్నారు. త్రిపురాంతకంలో దిగి ఆటో ఎక్కాను. ఆటో అబ్బాయి ఆ ఊరి పేరు వినగానే, "చేతబడామెను చూడను పోతాండారా?" అన్నాడు. సంగతి అప్పుడే ఊళ్లు దాటి పాకిపోయిందన్నమాట.

పెరట్లో

రమణయ్య వాళ్ల పెరట్లో ట్రాక్టరు పెట్టుకునే రేకుల షెడ్డు ఉంది. దాని కింద కాశమ్మ కూర్చుని ఉంది. అరవై ఏళ్లుంటాయి. సన్నటి మనిషి, కొంగు తల మీదుగా కప్పుకుంది. ఆమె చుట్టూ రమణయ్య తల్లి, ఇంకొందరు ఆడవాళ్లు. కొంచెం ఎడంగా మంచాల మీద మగవాళ్లు. గుమ్మంలో సుజాత, బిడ్డను పోగొట్టుకున్న తల్లి, ఎటో చూస్తూ కూర్చుంది.

రమణయ్య నాకు కుర్చీ తెచ్చి వేశాడు. మంచినీళ్లు ఇచ్చాడు. తర్వాత కాశమ్మ వైపు తిరిగి, "చెప్పు. మా మేడమ్ వచ్చినారు. నిన్న చెప్పిందే చెప్పు" అన్నాడు.

కాశమ్మ తలెత్తింది. కళ్లు ఎర్రగా, తడి లేకుండా ఉన్నాయి.

"నేనే సంపినానమ్మా పాపను" అంది.

ఎన్ని వందల పేజీల్లో చదివి ఉంటాను ఆ మాట! ప్రాణమున్న మనిషి నోటి నుంచి వినడం అదే మొదలు.  చేశావా లేదా అని అడగలేదు. మా గైడు నేర్పింది అప్పుడు నా నోటికొచ్చింది.

"నువ్వు నిద్రపోయి ఎన్నాళ్లయింది అక్కా?"

ఆమె ఆలోచించింది. గుర్తు రాలేదు. రమణయ్య తల్లి వైపు చూసింది.

"మేం తోడు కూచున్నాం" అంది ఆవిడ. "ఒక్కదాన్ని ఇడిసిపెడితే పారిపోతాది గదా. వంతులేసుకుని కూచున్నాం. ఎవురూ చెయ్యి ఎత్తలేదమ్మా."

"కునుకు పడితే?"

"లేపినాం. చెప్పెయ్యమని అడిగినాం. అంతే."

నేను రమణయ్య వైపు తిరిగాను. "ఇది నువ్వు రాసిందే కదా. నీ ఎంఫిల్ అంతా ఇదే కదా నాయనా!"

అతను నన్ను వింతగా చూశాడు. కోపంగా కాదు, నాకు అర్థం కాని విషయం ఓపిగ్గా వివరిస్తున్నవాడిలా. "అది స్కాట్లాండు, మేడమ్. ఇది మా ఇల్లు" అన్నాడు.

నా ఉద్యోగ జీవితంలో నన్ను ఇంతకంటే దెబ్బ కొట్టిన మాట లేదు. చరిత్ర చదివితే మనిషి మెరుగవుతాడని మీకు ఎవరైనా చెబితే నమ్మకండి. అతనికి పేజీలు గుర్తున్నాయి, వాదన గుర్తుంది, ఆ ముసలామె భుజం కూడా గుర్తుంది. తన పెరట్లోని భుజం మాత్రం కనిపించలేదు.

వాదించడం మానేశాను. చేతబడి లేదని చెప్పినా అక్కడ వినేవాళ్లు లేరు. నాకు కావలసింది సాయంత్రం దాకా వ్యవధి. లేచి నిలబడి మగవాళ్లతో, "పెద్దాయనా, నిద్ర లేని మనిషి చెప్పిన మాట ఏ కోర్టూ తీసుకోదు, ఏ పంచాయితీ తీసుకోకూడదు. ఆమెను పడుకోనియ్యండి. లేచినాక మీ అందరి ముందర నేనే అడుగుతా" అన్నాను.

వాళ్లు గుసగుసలాడుకున్నారు. రమణయ్యే ఒప్పుకున్నాడు. అతనికి పూర్తి నమ్మకం. "పడుకోనియ్యండి. లేచినా అదే చెప్తాది" అన్నాడు.

లేచాక

అంగన్‌వాడీ గది తెరిపించి చాప వేయించాను. కాశమ్మ చాప మీద ఒరగడం, నిద్రపోవడం ఒకేసారి జరిగాయి. నేను గడపలో కూర్చున్నాను. పగలంతా ఎవరెవరో వచ్చి తొంగి చూసి పోయారు. నాకు భయం వేయలేదని అనను. కానీ లోపల ఎక్కడో ధైర్యంగానే ఉంది. నిద్ర తీరాక ఆమెకు మతి కుదురుతుంది, "నేనెందుకు చేస్తానమ్మా, వాళ్లు చెప్పమంటే చెప్పినా" అంటుంది, నా థీసిస్ అంతా అదే కదా!

పొద్దు వాలుతుండగా ఆమె లేచింది. మొహం కడుక్కుని, నేను తెప్పించిన టీ తాగింది. కళ్లు తేటపడ్డాయి. పలకరిస్తే నా పేరు, ఊరు అడిగింది. జనం అంగన్‌వాడీ ముందు మళ్లీ చేరారు, మగవాళ్లకు మంచాలు తెచ్చి వేశారు. రమణయ్య, తల్లి, సుజాత కూడా వచ్చి నిలబడ్డారు.

"అక్కా, ఇప్పుడు నిన్నెవరూ లేపడం లేదు. ఎవరికీ భయపడొద్దు. పాప జ్వరంతో పోయింది. నువ్వేమీ చేయలేదు కదా?" అన్నాను. ఎంత దొంగ ప్రశ్న వేశానో చూడండి. జవాబు నేనే ఆమె నోట్లో పెట్టాను.

"చేసినానమ్మా. నేనే సంపినా" అంది. పొద్దుటి గొంతు కాదు. నిద్ర తీరిన మనిషి మామూలు గొంతు.

 మంచాల మీది మగవాళ్లలో ఒకడు "ఇంకేం గావాల?" అంటూ లేచాడు. రమణయ్య నా వైపే చూస్తున్నాడు. అతని చూపులో గెలుపు ఉంది, దాని వెనక ఏడుపు ఉంది.

ఏం చేయాలో తెలియక, తెలుసుకోవాలన్న ఆశ కూడా లేకుండా, "ఎట్లా చేసినావక్కా?" అన్నాను. ఇన్నేళ్లలో నేను వేసిన మొదటి నిజమైన ప్రశ్న అదే అనుకుంటాను.

కాశమ్మ సుజాతను చూస్తూ చెప్పింది.

"నా మేకపిల్ల మీ కందిచేన్లో పడినాది గదా. నువ్వు రాయి ఏసినావు. దాని తలకు తగిలినాది. నేను ఎత్తుకున్నా. నా సేతుల్లోనే మెడ వాల్చేసినాది. అప్పుడు అనుకున్నా, నీ బిడ్డ గూడా ఇట్లనే నీ సేతుల్లో వాలిపోవాల అని. నోటితో అనలేదు. మనసులో అనుకున్నా. ఎవురూ ఇనలేదు." ఆమె రెండు కాళ్లూ చాపి చూపించింది. "ఆ పాపకు పుట్టినప్పటి నుంచి నీళ్లు పోసినదాన్ని నేను. ఈ కాళ్ల మీద పండబెట్టుకుని పోసినా. ఆ పాపనే అనుకున్నా. అనుకున్నట్టే అయినాది."

మంత్రం లేదు, ముగ్గు లేదు, నిమ్మకాయ లేదు. ఆమె దగ్గర ఉన్నది ఒక కోపం. బిడ్డ చచ్చిపోయాక తనలో తాను వెతుక్కుంటే ఆ కోపం దొరికింది. ఆ ఆడవాళ్లు ఆమెకు నిద్ర లేకుండా చేశారు, నిజమే. కానీ ఆ మాటను వాళ్లు ఆమె నోట్లో పెట్టలేదు. వాళ్లకు తెలియనే తెలియదు. నేను ఫుట్‌నోట్‌లో పక్కకు నెట్టినదంతా నా ఎదురుగా కూర్చుని కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది.

అప్పుడు సుజాత మాట్లాడింది. పాప పోయిన తర్వాత ఆ అమ్మాయి గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారని తర్వాత విన్నాను.

"రాయి ఏసిన మాట నిజమే పెద్దమ్మా" అంది. "నువ్వు అనుకుంటే పోయిందో లేదో నాకు తెలీదు. జరం వచ్చిన రోజు నుంచి మార్కాపురం పోదామని నేను మొత్తుకుంటానే ఉన్నా. పరీక్ష పేపర్లు దిద్దేది ఉంది, మాత్ర ఏసినాం గదా తగ్గుతాది అన్నాడు ఈయన. రేపు పోదాం, రేపు పోదాం అన్నాడు. డాక్టరు ఏమన్నాడో నీకు చెప్పినాడా అత్తా నీ కొడుకు? నిన్న తీసకరావాల్సింది అన్నాడు."

 రమణయ్య తల్లి కొడుకు మొహం చూసింది. ఆవిడకు ఆ సంగతి తెలియదు. రమణయ్య గుంపును చీల్చుకుని రోడ్డు మీదికి పోయి తన మోటారు సైకిలు మీద కూర్చున్నాడు. స్టార్టు చేయలేదు. ఊరికే హ్యాండిలు పట్టుకుని కూర్చున్నాడు.

ఇందాక లేచిన మనిషి మళ్లీ మంచం మీద కూర్చున్నాడు. తర్వాత ఒక్కొక్కరే వెళ్లిపోవడం మొదలుపెట్టారు. చేతబడి లేదని వాళ్లకు నమ్మకం కలిగిందని మీరు అనుకోవద్దు. ఆ భార్య మాట విన్నాక అక్కడ ఉండలేకపోయారు, అంతే. నేను చెప్పిన చరిత్ర వల్ల ఆ రోజు ఒక్క మనిషి కూడా అడుగు వెనక్కి వేయలేదు.

తర్వాత జరిగింది

చీకటి పడే వేళకు ఎస్సై వచ్చాడు. ఫిర్యాదు ఇవ్వమని కాశమ్మను అడిగాడు. "ఎవురి మీద పెట్టేది సారూ? పాప నాయన మీదనా?" అంది. ఎంత చెప్పినా వినలేదు. ఆయన ఊరివాళ్లను హెచ్చరించి, కాశమ్మను ఆసుపత్రికి పంపించాడు. కేసు పెట్టి ఉండాల్సిందని ఇప్పటికీ నా అభిప్రాయం. బాధపడిన మనిషి క్షమించినంత మాత్రాన నేరం నేరం కాకుండా పోదు. మేకలను అమ్మేసి ఆమె కనిగిరిలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది.

రమణయ్య చాలాకాలం కనిపించలేదు. ఒకరోజు కాలేజీకి వచ్చి స్టాఫ్ రూము బయట నిలబడ్డాడు. చిక్కిపోయాడు.

"నాకు అన్నీ తెలుసు గదా మేడమ్. ఎట్ల చేసినా నేను?" అన్నాడు.

ఓదార్చే మాట చెప్పాలని ఉంది. చెప్పలేదు. "ఎవరో ఒకరు ఒప్పుకోవాలి అనిపించింది నీకు. నువ్వు ఒప్పుకోలేక ఆమెతో ఒప్పించావు" అన్నాను. అతను తల ఊపాడు. కూర్చోమంటే కూర్చోలేదు. కనిగిరి పోయి ఆమె కాళ్లు పట్టుకున్నాడని ఆ తర్వాత సుజాత ఫోన్ చేసి చెప్పింది.

నేను ఇంటికి పోయి పాత నకళ్లు మళ్లీ మొదటి నుంచి తీశాను. ప్రశ్నలు వెతకడం అలవాటైన కళ్లతో ఈసారి జవాబులు చదివాను. సైతాను, గాలిలో ఎగరడం వంటివి తీసేస్తే, అడుగున చాలాసార్లు ఒక చిన్న గొడవ కనిపించింది. పాలు పోయమంటే పోయలేదనో, పశువును కొట్టారనో. ఆ తర్వాత ఒక కోపం. ఆ తర్వాత ఒక చావు. అడిగినవాళ్లు పెట్టిన మాటలూ ఉన్నాయి, నా థీసిస్ అంతా తప్పు కాదు. కానీ ఆ మాటల కింద కొందరి సొంత గొంతు ఉంది. నేను దాన్ని వినకుండానే డాక్టరేటు తీసుకున్నాను. ఆ తర్వాతి ఆదివారం రీడింగ్ రూములో ఈ సంగతే చెప్పాను, ఊరి పేరు, మనుషుల పేర్లు లేకుండా. కిరాణా వ్యాపారి ఈసారి తొడ చరచలేదు. చెప్పులు వేసుకుని నెమ్మదిగా వెళ్లిపోయాడు.

కొత్తవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. జాలిపడటం తేలిక. "పాపం, ఆమె చేత చెప్పించారు" అంటే మనకు హాయిగా ఉంటుంది, పేపరు కూడా అచ్చవుతుంది. జాలితో పాటు, ఆ మనిషి ఏమన్నదో అదీ వినండి.

కనిగిరిలో

రిటైరయ్యాక కాశమ్మను చూడటానికి వెళ్లాను. కూతురు బజారుకు పోయింది. ఇద్దరం వరండాలో కూర్చున్నాం. నేను ఏం చదివానో, ఆ రోజు ఎందుకు వచ్చానో అడిగింది. చెప్పాను.

"ఆ దేశంలో నా మాదిరి ఒప్పుకున్నోళ్లను ఏం జేసినారు చెల్లే?"

అబద్ధం చెప్పాలని ఒక్క క్షణం అనిపించింది. "గొంతు బిగించి, తర్వాత కాల్చేవాళ్లు" అన్నాను.

ఆమె చేయి నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆడోళ్లనా? అయ్యగార్లు, పెద్దమనుషులు ఉండంగనే?"

"వాళ్లు చూస్తుండగానే. కొందరికి పిల్లలు కూడా ఉన్నారు."

"వాళ్ల పేర్లు తెలుసునా నీకు?"

"కొందరివి తెలుసు. జానెట్. మార్గరెట్. ఇసొబెల్. ఆగ్నెస్."

"జానెట్టు" అని ఒక్కటి పలికి చూసింది. మిగతావి నోరు తిరగలేదు. 

"అక్కా, ఇప్పటికీ నువ్వే చేశావని నమ్ముతున్నావా?" అని అడిగాను. అడగకూడదేమో, తెలియదు.

"పగలు నమ్మను" అంది. "నవ్వొస్తాది గూడా. అనుకుంటే సచ్చేటట్టయితే లోకంలో ఎవురు మిగులుతారు? రాత్రయితే నమ్ముతా." చీర అంచు నలుపుతూ, నా వైపు చూడకుండా, "ఈ పూట ఉండిపోరాదా?" అంది.

మార్కాపురం ఆఖరి బస్సు వీధి చివర హారన్ కొడుతోంది. పోనిచ్చాను.